రైలు బల్ల దగ్గర ఇంకో కుర్చీ

తిరునాళ్ళలో బొమ్మల కొట్టు ముందు ఒక్క ఐదు నిమిషాలు నిలబడి చూడండి. మగపిల్లాడిని తీసుకొచ్చినవాళ్ళు రైలు కొంటారు, ఆడపిల్లను తీసుకొచ్చినవాళ్ళు లక్కపిడతలు కొంటారు. పిల్ల రైలు కేసి వేలు చూపించినా "అది అన్నయ్యలు ఆడుకునేదమ్మా" అని పక్కకు లాగేస్తాం. ఎవరో నేర్పితే చేసేది కాదిది. చెయ్యి దానంతటదే అటు పోతుంది.

బొమ్మే కదా, ఇంత ఆలోచన దేనికి అంటారేమో. పదో తరగతి అయ్యాక అమ్మాయిని ఏం చదివించాలని ఇంట్లో కూర్చుని మాట్లాడుకునేటప్పుడు, బొమ్మల కొట్టు దగ్గర మొదలుపెట్టిన ఆ లెక్కే మళ్ళీ ముందుకొస్తుంది. మా ఇంట్లో ఇప్పుడు సరిగ్గా అదే నడుస్తోంది. అందుకే ఈసారి పచ్చళ్ళూ పండగలూ పక్కనపెట్టి బుల్లి రైళ్ళ గురించి రాస్తున్నాను. చివరిదాకా చదవండి. మనకు సంబంధం లేని సంగతి అనుకోకండి.

మావారు జీడిపప్పు వ్యాపారంలో లెక్కలు రాస్తారు. ఆయనకున్న సరదా ఒక్కటే, బుల్లి రైళ్ళు. పిల్లలు నేలమీద దొర్లించేవి కావు. నిజం రైలును కొలత ప్రకారం తగ్గించి చేసి, సన్నటి పట్టాల మీద కరెంటుతో నడిపేవి. వీటిలో కొలతనుబట్టి రకాలున్నాయి. ప్రపంచంలో ఎక్కువమంది వాడేది హెచ్‌ఓ, అంటే నిజం రైలులో 87వ వంతు. పుణెలో భావు జోషి గారు 1998లో తెరిచిన బుల్లి రైళ్ళ మ్యూజియంలో తిరిగేవి ఈ కొలతవే. దానికంటే చిన్నది ఎన్ స్కేలు, 160వ వంతు. పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. ఇంకా చిన్నది జడ్ స్కేలు, 220వ వంతు. పట్టాల మధ్య ఆరున్నర మిల్లీమీటర్లే. ఇంతకంటే చిన్నది ఇక రాదనుకుని ఇంగ్లీషు అక్షరాల్లో ఆఖరిదాన్ని దానికి పేరుగా పెట్టారట. జపానువాళ్ళు ఊరుకుంటారా, 450వ వంతులో టి గేజ్ అని ఒకటి తెచ్చారు. దాని పట్టాల మధ్య 3 మిల్లీమీటర్లు.

ఈ అంకెలు మనకు తలకెక్కవు గానీ, చీర లెక్కలో చెప్తాను. మా ఊరి మీదుగా మద్రాసు పోయే 22 పెట్టెల ఎక్స్‌ప్రెస్ అర కిలోమీటరు దాటి ఉంటుంది. జడ్ స్కేల్లో అది రెండున్నర మీటర్ల లోపు, అంటే సగం చీర కూడా కాదు. టి గేజ్‌లో అయితే మొత్తం బండి చీర పన్నంత. ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషి జడ్‌లో బియ్యపు గింజకంటే ఒక్క పిసరు పొడుగు. ఇల్లు ఇరుకైనవాళ్ళకు ఇది బాగా కలిసొచ్చే సంగతి. రైలు గుండ్రంగా ఒక చుట్టు తిరిగి రావడానికి మనం అన్నం తినే కంచం కంటే కొంచెం పెద్ద చోటు చాలు. సూట్‌కేసులో ఊరంతా కట్టుకుని, పని అయ్యాక మూత వేసి బీరువా మీద పెట్టేసేవాళ్ళు కూడా ఉన్నారు. మావారి రైలు బల్ల నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక. వారమంతా మంచం కింద ఉంటుంది, ఆదివారం బయటికొస్తుంది. దాని మీద ఉన్నది మన వేటపాలెం స్టేషనూ, పక్కన జీడిమామిడి తోటా, ఇటు నాలుగు మగ్గాల ఇళ్ళూ.

ఇక ఈ జడ్ స్కేలు పుట్టింది ఎక్కడో తెలుసా? జర్మనీలో మెర్క్‌లిన్ అనే సంస్థ 1972లో తెచ్చింది. బుల్లి రైళ్ళంటే ప్రపంచమంతా మొదట చెప్పుకునే పేరు అదే. ఆ సంస్థ 1859లో మొదలైనప్పుడు చేసింది రైళ్ళు కావు. ఆడపిల్లలు ఆడుకునే రేకు వంటసామాను! అచ్చంగా మన లక్కపిడతల్లాంటివే. అది పెట్టినాయన 1866లో పోయారు. పిల్లలు చిన్నవాళ్ళు. అప్పుడు ఆయన భార్య కరోలిన్ ఆ బొమ్మ గిన్నెలు పట్టుకుని ఊరూరా తిరిగి అమ్మి, వ్యాపారం మూతపడకుండా ఏళ్ళ తరబడి నెట్టుకొచ్చింది. ఆ రోజుల్లో ఒక ఆడది ఒంటరిగా సరుకు అమ్ముకుంటూ ఊళ్ళు తిరగడమంటే మాటలా? ఆవిడ నిలబెట్టబట్టే కొడుకులు ఎదిగి, 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల మీద నడిచే రైలు పెట్టగలిగారు.

ఈ కథ తెలిసిన దగ్గర్నుంచీ నాకు ఒకటే అనిపిస్తోంది. లక్కపిడతలకీ రైలుబొమ్మకీ మధ్య మనం గీసిన గీత ఉత్తదే. రెండూ ఒక్క ఇంట్లోనే పుట్టాయి. గీసింది అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ, అంటే మనమే.

ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం సంగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మావారి స్నేహితులు ముగ్గురు వస్తారు. రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఒకరు చీరాల నుంచి, లెక్కల మాస్టారు ఒకరు జాండ్రపేట నుంచి, సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు మా వీధిలోంచి. వరండాలో బల్ల వేసుకుని ఒకరి చిట్కాలు ఒకరికి చెప్పుకుంటారు. నేను వంటింట్లో ఉన్నా మాటలన్నీ వినపడుతుంటాయి. నాలుగేళ్ళుగా విన్నాక నాకు తెలిసిందేమిటంటే, వాళ్ళు మాట్లాడుకునేదంతా మన వంటింటి భాషే.

ఉదాహరణకు, పట్టాల మధ్య కంకర. నిజం కంకరరాయి రెండంగుళాలుంటే, 220వ వంతులో అది పావు మిల్లీమీటరు కూడా ఉండదు. ఉప్మారవ్వ పోస్తే బాగుంటుందేమో అన్నారు మాస్టారు. రవ్వ గింజ ఆ లెక్కలో గుమ్మడికాయంత రాయి అవుతుందనీ, పైగా రెండో రోజుకే చీమలు పడతాయనీ నేను గుమ్మంలోంచే చెప్పాను. సన్నటి ఇసుకను మైదా జల్లెడతో జల్లించి వాడమన్నాను. మనకు సముద్రం దగ్గరే గనక ఇసుకకు కొదవ లేదు. కానీ అందులో ఉప్పుంటుంది, బియ్యం కడిగినట్టు నాలుగైదుసార్లు కడిగి ఆరబెట్టుకోవాలి. దాన్ని అంటించడానికి తెల్ల బంకలో నీళ్ళు కలిపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేయాలి. ఆ చుక్క వేయకపోతే బంక పైనే బొట్టులా నిలబడుతుంది, లోపలికి ఇంకదు. జిడ్డు గిన్నె తోమిన ఎవరికైనా తెలిసే సంగతే ఇది.

నూనె సంగతి కూడా అంతే. ఇంజను బొటనవేలంత ఉంటుంది. సీసాతో వంచితే మునిగిపోతుంది. సూది మొనను నూనెలో ముంచి, ఆ మొన మీద నిలిచినంతే తాకించాలి. కొబ్బరినూనె పొరపాటున కూడా వాడకూడదు. చలికాలం గడ్డకడుతుంది, జిడ్డయి దుమ్మును పట్టుకుంటుంది. ప్లాస్టిక్‌ను తినని పల్చటి నూనె వేరే ఉంటుంది. కరెంటులోనూ జాగ్రత్తే. ఎన్ స్కేలు బండ్లు 12 వోల్టుల దాకా తట్టుకుంటాయి, జడ్ మోటార్లకు 10 దాటకూడదు. దానికీ దీనికీ ఒకే పెట్టె కదా అని తగిలిస్తే మోటారు మాడిపోతుంది. చిన్నమంట మీద చేయాల్సిన పాకానికి పెద్దమంట పెట్టినట్టు.

మా ఊరికి ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. ఒకటి ఉప్పుగాలి. పట్టాల మీద త్వరగా చిలుము పడుతుంది, కరెంటు అందక బండి ఆగిపోతుంది. గరుకు కాగితంతో రుద్దితే ఆ క్షణానికి మెరుస్తాయి గానీ, ఆ గీతల్లో మురికి ఇంకా ఎక్కువ చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన పీచు రాలని గుడ్డతో తుడుచుకోవడమే మేలు. రెండోది మగ్గాల ఊరు కాబట్టి గాలిలో తిరిగే నూలు పీచు. కంటికి కనపడని పోగు ఒకటి ఇరుసుకు చుట్టుకుంటే చాలు, ఇంజను మూలుగుతుంది. ముల్లు తీసే పట్టకారుతో, భూతద్దం పెట్టుకుని, ఓపిగ్గా లాగాలి. ఇక కింద పడ్డ స్ప్రింగు వెతకడానికి నేను చెప్పిన ఉపాయం, చెవిదుద్దు మర పోయినప్పుడు మనం చేసేదే. ఎవరినీ కదలొద్దని, లైట్లార్పి, టార్చిని నేలకు ఆనించి వెలిగించడం. ఎంత చిన్నదైనా నీడ పడుతుంది, దొరికిపోతుంది.

ఇవన్నీ వాళ్ళు ఒక నోటుబుక్కులో రాసుకుంటారు. మంచి అలవాటే. పుస్తకం నలుగురికీ అందాలని 1918లోనే సారస్వత నికేతనం పెట్టుకున్న ఊరు మాది, తెలిసింది పంచుకుంటే మాకు గొప్పే. నా మాటల్లా ఒకటే. నలుగురు మగవాళ్ళు కూర్చుని ఇసుక ఎలా జల్లించాలో చెప్పుకుంటే దాన్ని టెక్నిక్ అంటాం. నలుగురు ఆడవాళ్ళు కూర్చుని అదే చెప్పుకుంటే ముచ్చట్లు అంటాం. ఆ పుస్తకంలో సగం చిట్కాలు మన ఇళ్ళలోంచి వచ్చినవే అయినా, చెప్పిన మనిషికి మాత్రం బల్ల దగ్గర కుర్చీ ఉండదు. గుమ్మంలోంచి చెప్పాలి.

సంక్రాంతికి మనం పెట్టే బొమ్మల కొలువు గుర్తు తెచ్చుకోండి. మా అమ్మ రంపపుపొట్టుకు ఆకుపచ్చ రంగు కలిపి పచ్చిక వేసేది. అద్దం ముక్క పెట్టి దాని చుట్టూ ఇసుక పోస్తే చెరువు. వారం ముందే ఆవాలు చల్లితే పండగనాటికి పొలం. దారి, బావి, గుడి, సంత, అన్నీ వరసలో. ఇప్పుడు మావారు వేల రూపాయలు పోసి తెప్పించుకునే పచ్చిక పొడి అమ్మ రంపపుపొట్టుకు చుట్టమే. విదేశాల్లో ఈ పనికి ఒక పేరుంది, లెక్కలున్నాయి, పోటీలున్నాయి. మన దగ్గర అది పేరంటం. పేరంటం తక్కువని కాదు. చేతిపని మాత్రం అదీ ఇదీ ఒకటే, అది ఒప్పుకుంటే చాలు.

మా ఊళ్ళో చేతుల సంగతి వేరే చెప్పాలా? మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటీ పాతవాటికి అతకాలి. వేలల్లో ఉంటాయి. మా వీధిలో ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళే చేస్తారు, కాస్త బూడిద అద్దుకుని, బొటనవేలితో మెలిపెట్టి, పక్కావిడతో కబుర్లు చెప్తూనే. ఒకరోజు మావారు స్టేషను మీద కరెంటు తీగ లాగాలని మా ఎదురింటి పిన్నిని నూలుపోగు అడిగారు. నిజం తీగ మందం 12 మిల్లీమీటర్లు, 220వ వంతులో చూస్తే నూరో నంబరు నూలు కూడా దానికి లావే. పిన్ని ఆ పోగు పురి విప్పి, అందులోంచి నాలుగు పీచులు తీసి మళ్ళీ మెలిపెట్టి ఇచ్చింది. నలుగురూ నోరు తెరుచుకుని చూశారు. తర్వాతి ఆదివారం ఆవిణ్ణి పిలిచారా? లేదు. పోగు మాత్రం బల్ల మీద ఉంది.

ఇక మా అమ్మాయి. దానికి చిన్నప్పటి నుంచీ నాన్న పక్కన కూర్చుని చూడటం ఇష్టం. ఏడో తరగతిలోనే టంకం పెట్టడం నేర్చుకుంది. పట్టా కింద తీగ అతకాలంటే సోల్డరింగ్ ఐరన్ ఒక్క రెండు సెకన్లు మాత్రమే ఆనించాలి. ఎక్కువసేపు ఉంచితే కింద ప్లాస్టిక్ కరిగి పట్టా వంకరపోతుంది. నలుగురు మగవాళ్ళలో ఎవరికీ కుదరని ఆ పని దానికి కుదురుతుంది. చెయ్యి వణకదు. అయినా ఆదివారం అది బల్ల దగ్గరికి వెళ్తే, పెద్దాయన ప్రేమగానే "అమ్మడూ, కాస్త కాఫీ తీసుకురామ్మా" అంటారు. సెల్‌ఫోను కుర్రాడు కూర్చునే ఉంటాడు. వాడికి ఆ మాట ఎవరూ చెప్పరు.

మొన్న ఎండాకాలంలో నేను కాఫీ నేనే తీసుకెళ్ళి, లోపలినుంచి ఒక కుర్చీ కూడా పట్టుకెళ్ళి వేశాను. "అమ్మాయి కూర్చుంటుంది అన్నయ్యగారూ, తీగ పని అదే చేస్తుంది" అన్నాను. ఎవరూ కాదనలేదు. పెద్దాయన కాస్త సర్దుకుని జరిగారు. ఆ రోజు లూపు లైను మొత్తానికి అదే తీగలు వేసింది. బండి ఎక్కడా ఆగకుండా తిరిగింది. ఇప్పుడు నోటుబుక్కులో దాని చేతిరాతతో మూడు పేజీలున్నాయి.

కథ ఇక్కడితో ఆగితే బాగుండేది. పిల్ల ఈ ఏడు పదో తరగతి. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతానంటోంది. దాని చేత తీగలు వేయించుకుని ముచ్చటపడ్డ మావారే "ఆడపిల్లకి ఎలక్ట్రికల్ ఎందుకు, ఇంటర్ బైపీసీలో వేద్దాం" అంటున్నారు. అత్తయ్యగారైతే "స్తంభాలెక్కిస్తావా దాన్ని?" అని నన్ను అడిగారు. బల్ల మీద రైలు నడిపితే సరదా, చదువుకుంటానంటే మాత్రం కుదరదు. ఈ లెక్క నాకు అర్థం కావడం లేదు.

సురేఖా యాదవ్ గారి పేరు మీరు వినే ఉంటారు. మహారాష్ట్రలో సతారా ఆవిడది. ఆసియాలోనే రైలు నడిపిన తొలి మహిళగా పేరు తెచ్చుకున్నారు. 2023 మార్చిలో షోలాపూర్ నుంచి ముంబయికి వందేభారత్ కూడా ఆవిడే నడిపారు. ఆవిడ చదివింది ఏమిటనుకున్నారు? పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా. మా అమ్మాయి రైలే నడపాలని నేననను. కరెంటు పని చేస్తుందో, మెషిన్లు బాగుచేస్తుందో, ఇంకేం చేస్తుందో అది చూసుకుంటుంది. చెయ్యి తిరిగిన పని చదువుకుంటానన్న పిల్లకు అడ్డం చెప్పడానికి, అది ఆడపిల్ల అన్న ఒక్క మాట చాలదంటున్నాను.

మీలో కొందరు ఇంకో మాట అడుగుతారు, నాకు తెలుసు. "ఇంట్లో ఇన్ని ఖర్చులుండగా ఈ బొమ్మలకు డబ్బు తగలేయడం నీకు సమ్మతమేనా?" అని. న్యాయమైన ప్రశ్నే. మన రైళ్ళు ఈ చిన్న కొలతల్లో కొట్లో దొరకడం అరుదు. విదేశీ ఇంజను కొనాలి, పెట్టెలు కాగితంతోనో త్రీడీ ప్రింటింగుతోనో చేసుకోవాలి. అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏడాదికి ఇంత అని ముందే అనుకుంటాం, అది దాటకూడదు. ఆయన సరదాకు ఎంత తీస్తే నాకూ అంతే తీయాలి. నేను దానితో పుస్తకాలు కొంటానా, కుట్టు దారాలు కొంటానా అన్నది నా ఇష్టం. ఆదివారం మధ్యాహ్నం ఆయన రెండు గంటలు బల్ల దగ్గర కూర్చుంటే, శనివారం సాయంత్రం రెండు గంటలు నావి. ఆ రెండు గంటలూ పొయ్యి ఆయనది. మొదట్లో పప్పు మాడింది. ఇప్పుడు చారు కూడా పెడుతున్నారు.

ఇలా రాశానని మగవాళ్ళ సరదాల మీద నాకు కోపం ఉందనుకోకండి. తాగుడూ పేకాటా కాకుండా ఒక మనిషి సూది మొనతో నూనె వేసుకుంటూ కూర్చుంటే ఇంటికి మంచిదే. లెక్కలు రాసి రాసి అలిసిపోయిన మనిషికి తన ఊరిని తన చేత్తో కట్టుకునే చోటు ఒకటి ఉండాలి. అలాంటి చోటు ఇంట్లో అందరికీ ఉండాలి. ఇల్లాలికి ఉండాలి, ఎదురింటి పిన్నికి ఉండాలి, ఆడపిల్లకు మరీ ఉండాలి. తన చేతులకు ఏం చేతనవునో పిల్లకు తెలిసేది అలాంటి చోటే. తెలిశాక చదువు దానికదే వెతుక్కుంటుంది.

కాబట్టి మీకు నేను చెప్పేది ఇది. మీ ఇంట్లో రైళ్ళు ఉండకపోవచ్చు. రేడియోలు విప్పే మామయ్య ఉండొచ్చు, ఫొటోలు తీసే మరిది ఉండొచ్చు, బైకు విప్పి బిగించే తమ్ముడు ఉండొచ్చు. అక్కడ నలుగురు చేరి చిట్కాలు చెప్పుకునేటప్పుడు మీ అమ్మాయి ఎక్కడుందో చూడండి. కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి ఉంటే, ఆ ట్రే మీరు అందుకోండి, లేదా అక్కడున్న మగపిల్లాడి చేతిలో పెట్టండి. పిల్లను కూర్చోబెట్టండి. పాలిసెట్ దరఖాస్తు మాత్రం నేను నింపించేస్తున్నాను. సంతకం పెట్టాల్సింది నాన్నే అంటోంది మా అమ్మాయి. పెట్టించే పూచీ నాది.